క్యాసెట్‌లో రెండో గొంతు

దేశ రాజధానిలో, బేర్ సరాయ్ అనే పేటలో అద్దెగదిలో ఉంటూ పీహెచ్‌డీ చేసే రోజుల్లో, క్షయ మందులు మధ్యలో మానేసినవాళ్ళతో మాట్లాడటానికి ఫరీదాబాద్ వెళ్ళి వస్తుండేదాన్ని. వాళ్ళ మాటల్ని క్యాసెట్లలో రికార్డు చేసి, కాగితం మీద ఎక్కించి, పక్కన వాటి అర్థం రాసుకోవాలి. దారాల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ మాటల పక్కన 'ఇరుగుపొరుగంటే భయం' అని ఎర్ర పెన్సిల్‌తో రాసి, తెగ మురిసిపోయాను.

మా గైడ్ మేడమ్ మాత్రం మురవలేదు. "నువ్వు రాసింది చూడని మనిషెవరైనా క్యాసెట్ విని విడిగా అర్థం చెప్పాలి. రెండూ కలవకపోతే ఎందుకో తేల్చుకుని రా" అన్నారు.

నా గదిలో ఉండే వరంగల్ అమ్మాయి సివిల్స్‌కి చదువుతోంది. గులాబ్‌జామూన్ ఆశ చూపించి ఆమెను కూర్చోబెట్టాను. సగం వినేసరికే టేప్ ఆపింది.

"భయమని ఆమె యాడన్నది? నువ్వే అన్నవ్. 'పక్కింటోళ్ళకు తెలుస్తదని భయమా' అని అడిగినవ్. ఆమె 'హాఁ జీ' అన్నది. గంతే."

"అన్నదిగా మరి."

"ఎండల పడి వచ్చినవ్, కాదంటే ఏడుస్తవనుకున్నదేమో. సరే గానీ, ఎన్క ఇంకో గొంతున్నది, ఎవరది?"

నా కాగితం మీద ఆ చోట 'శబ్దం' అని ఉంది. ఆ రోజు ఫ్యాక్టరీ ఆవిడ ఇంట్లో మాకు చాయ్ తెచ్చి అక్కడే కూర్చున్న పక్కింటావిడ మాటలవి. అడ్డొస్తున్నాయని అలా రాసేశాను. టేప్ వెనక్కి తిప్పి తిప్పి విన్నాం. క్షయ కేంద్రంలో మందులిచ్చే వేళకి ఈమె డ్యూటీలో ఉంటుందనీ, మొదట్లో తనే వెళ్ళి తెచ్చేదాన్ననీ, తర్వాత రోగి వస్తేనే ఇస్తామన్నారనీ ఆవిడ హిందీలో స్పష్టంగా చెబుతోంది.

ఆదివారం మళ్ళీ ఫరీదాబాద్ వెళ్ళి అడిగితే ఫ్యాక్టరీ ఆవిడ, పక్కనే కూర్చున్న పక్కింటావిడను చూపించి నవ్వింది.

"ఈమెకి భయపడటమేంటి దీదీ? నా మందుల కార్డు ఇప్పటికీ వాళ్ళింట్లోనే ఉంది."

"మరి ఆ రోజు అవునన్నారుగా?"

"మీరు అంత నమ్మకంగా అడిగితే కాదనలేకపోయాను."

తల దించుకుని నోట్‌బుక్‌లో ఆ మాట కూడా రాసుకున్నాను. మేడమ్ కేంద్రంలోని డాక్టరుతో మాట్లాడారు. ఫ్యాక్టరీ ఆవిడ ఒకసారి వచ్చి పరీక్ష చేయించుకుంటే, ఆపైన మందులు పక్కింటావిడ చేతికిస్తామని ఒప్పుకున్నారు. మందులు మళ్ళీ మొదలయ్యాయి. మిగతా క్యాసెట్లన్నీ మొదటి నుంచీ విని, రాసిందంతా తిరగరాయడానికి నాకు చలికాలమంతా పట్టింది.