తప్పంతా టవర్‌దే

తోమా లెక్కలో మనుషులు తప్పు చేయరు. ఎవరైనా ఫోన్ ఎత్తకపోయినా, మాట మధ్యలో పెట్టేసినా, నెలల తరబడి పలకరించకపోయినా తప్పంతా టవర్‌దే. దానికి ఆయన దగ్గర ఎప్పుడూ ఒక ఇంగ్లీషు మాట సిద్ధంగా ఉంటుంది.

నల్లపాడు దగ్గర మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోస్తాడాయన. చదువు బడి గుమ్మం దగ్గరే ఆగింది. మరి ఆ మాటలెక్కడివంటే, కస్టమర్ కేర్ నుంచి. మధ్యాహ్నం అన్నం తినగానే ఫోన్ కంపెనీకి చేస్తాడు. రీచార్జి గొడవ కాదు, తెలుసుకుందామని.

"అమ్మా, బస్సులో పోతా మాట్లాడతన్నా. ఒక టవర్ దాటి ఇంకో టవర్ కిందకి పోతన్నా. నా మాట కిందపడకుండా ఎట్టా వస్తందమ్మా?"

దాన్ని హ్యాండోవర్ అంటారని చెప్పి, ఇంకేమైనా సహాయం కావాలా అని అడుగుతుంది ఆ పిల్ల. అన్నం తిన్నావా తల్లీ అని అడుగుతాడు ఈయన.

మర్నాడు అదే పాఠం తోటి హమాలీలకు చెప్పేవాడు. "బస్తా అందిస్తన్నావనుకో. అవతలోడు చెయ్యేశాకే నువ్వొదలాలి. అది హ్యాండోవర్. ముందే ఒదిలేశావా, కాళ్ల మీద పడద్ది. అది కాల్ డ్రాప్."

పక్కింటి సుబ్బరావమ్మ ఒకరోజు వచ్చి, కోడలు తన ఫోన్ ఎత్తడం లేదని కళ్లొత్తుకుంది. అది కంజెషన్ అన్నాడు తోమా. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి గుమ్మంలో అందరూ ఒక్కసారే బయటికొస్తే ఇరుక్కుపోరా, టవర్‌లో ఫోన్లూ అంతేనన్నాడు. నిజానికి కోడలు కావాలనే ఎత్తడం లేదని ఊరంతటికీ తెలుసు. సుబ్బరావమ్మ మాత్రం "అయ్యో, పిల్ల ఎంత తిప్పలు పడతందో" అని జాలిపడుతూ వెళ్లిపోయింది.

తోమా భార్య ప్రేమమ్మకు ఈ వైద్యం పనిచేయదు. ఆమె బాధ వేరే ఉంది.

పొదిలిలో ఉండే చెల్లెలు లిడియాతో ఆమెకు మాటలు లేవు. పోయినేడు లిడియా కొత్తింట్లో ప్రార్థన పెట్టి భోజనాలు పెట్టింది. ఒంగోలు నుంచి పెద్ద పెద్దవాళ్లు వచ్చారు. అందరూ చూస్తుండగా ప్రేమమ్మ కొంగుముడి విప్పి, ఇంటి నుంచి తెచ్చుకున్న కారం పొట్లం తీసి, చెల్లెలు వండిన కోడికూర మీద చల్లుకుంది. గుంటూరు మనిషి, నాలుక అలవాటు. ఏం చేస్తుంది? లిడియా మొహం మాత్రం ఆ కారంకంటే ఎర్రబడింది.

ఇప్పుడు లిడియా కూతురు శాంతికి పెళ్లి కుదిరింది. శనివారం ప్రధానం, అంటే నిశ్చితార్థం. పెద్దమ్మకు పిలుపు లేదు. తనంతట తాను ఫోన్ చేయడానికి ప్రేమమ్మకు అభిమానం అడ్డం. ఫోన్ ఒళ్లో పెట్టుకుని మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చునేది.

"వాళ్లు చేస్తానే ఉన్నారు, ఇక్కడ మనకి కవరేజీ లేదు" అన్నాడు తోమా.

"కవరేజీ లేకనే ఆ కంపెనీ పిల్లలతో గంటలు గంటలు మాట్లాడతన్నావా?"

తోమా ఫోన్ తీసుకుని బయటికి వెళ్లాడు. అరుగు మీద ఆయన అడుగుతున్నది ప్రేమమ్మకు వినపడింది. "అమ్మా, మనిషికి చెయ్యాలనే ఉంటది, చెయ్యలేకపోతది. దాన్నేమంటారమ్మా మీ కంపెనీలో?" అవతల పిల్ల ఏం చెప్పిందో గానీ, ఆయన తలూపుతూ కల్లం వైపు నడిచాడు. ఇదేం మనిషో చూద్దామని ప్రేమమ్మ వెనకాలే వెళ్లింది.

ఎండబోసిన మిరపకాయల మధ్య నిలబడి మళ్లీ ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఈసారి కస్టమర్ కేర్ కాదు.

"లిడియమ్మా, మీ అక్క పొద్దున్నించీ నీకే చేస్తందమ్మా. దాని ఫోన్ రోమింగ్‌లో పడిపోయింది. కోపమా? ఇంకా ఎక్కడి కోపం? నీ కోడికూర గురించి చెప్పని పూట లేదు."

ఆ మాట ఒకటి నిజమే. ఆ పొద్దునే ప్రేమమ్మ ఆ కూరను చప్పిడి పథ్యం అని తిట్టింది.

ఎన్నాళ్లుగా ఈ కథలు చెబుతున్నాడో అడగాలనుకుంది. కానీ వెళ్లి ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"అక్కా," అంది అవతలి గొంతు, వెంటనే. "రోమింగంటగా? బావ చెప్పాడు. నేనేమో నువ్వు కావాలనే చెయ్యట్లేదనుకుంటన్నా."

ప్రేమమ్మ మొగుణ్ని చూసింది. ఆయన వంగి రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నాడు, లోకంలో అంతకంటే పెద్ద పని లేనట్టు.

"అవునే," అంది ప్రేమమ్మ. "రోమింగే. ఇప్పుడే బయటపడింది."

"శనివారం నువ్వు రాకపోతే శాంతి పీట మీద కూర్చోనంటంది. తెల్లారేసరికల్లా రా."

"రాకుండా ఉంటానా ఏంటే?" ప్రేమమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "వస్తా. కానీ మీ పొదిలి కూరలు నా నోటికి ఎక్కవు. కారం మాత్రం నేనే..."

తోమా ఒక్క దూకున వచ్చి ఫోన్ అందుకున్నాడు. "లిడియమ్మా, మాట తెగిపోతందమ్మా, సిగ్నల్ లేదు" అని చెప్పి, ఎర్ర బొత్తాం నొక్కేశాడు.