సోనుబాయి తేనెకు రెండో పరీక్ష

నా పేరు రాయమల్లు. సిరోంచలో అడవి సరుకు కొనే కేంద్రంలో తూకం చూస్తాను. నా నోరు కొంచెం దురుసు. ఆ సంగతి నాకూ తెలుసు, ఊరికీ తెలుసు. మా కేంద్రంలో తేనెను పరీక్షించే అరుణశ్రీ గురించి చెప్పాలంటే ఆ నోటి గురించి కూడా చెప్పక తప్పదు.

అరుణశ్రీ మా వీధి పిల్లే. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి దేవక్క నాట్లకూ కోతలకూ పోయి చదివించింది. చంద్రపూర్ హాస్టల్లో ఉండి కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. తర్వాత హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో ఆరేళ్ళు క్వాలిటీ కంట్రోల్ పని. మాత్ర ఎన్ని నిమిషాల్లో కరుగుతుంది, అందులో మందు సరిగ్గా ఉందా లేదా, అదీ చూడవలసింది. ఒకరోజు చెయ్యని పరీక్షకు చేసినట్టు సంతకం పెట్టమన్నారట. పెట్టలేదు. ఆ నెలలోనే పెట్టె సర్దుకుని వచ్చేసింది. అంత మంచి కొలువు కాలదన్నుకుని వచ్చావు, నీకేమైనా పిచ్చా అని మొహం మీదే అడిగాను. నవ్వేసింది.

మా కేంద్రంలో ఆమెకు ఇచ్చింది పాత గోదాము గది. దానికి సున్నం వేయించి, బల్ల మీద గాజుసామాను పేర్చుకుంది. ప్రతి డబ్బాలోంచీ రెండు సీసాల తేనె తీస్తుంది. ఒకటి పరీక్షకు, ఇంకొకటి సీలు వేసి దాచడానికి. నీళ్ళ శాతం, చక్కెర శాతం, అన్నీ రాసుకుంటుంది. తేనె నాలుక మీద వేసుకుని చూడటం ఆమె దగ్గర లేదు. ముప్పై ఏళ్ళుగా చుక్క నాకి మంచిచెడ్డా చెప్పిన మొనగాణ్ణి నేను. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. రెండుసార్లు నేను భేష్ అన్న తేనె ఆమె పరీక్షలో తేలిపోయాక నోరు మూసుకున్నాను.

ఈ వేసవిలో డబ్బాలు కడగడానికి మనిషి కావలసి వస్తే దేవక్కను పెట్టించింది నేనే. ఐదు కిలోలు పట్టే స్టీలు డబ్బాలవి. ఒక్కో ఇంటికి ఒక్కోటి, మీద పేరు రాసి ఉంటుంది. మేం కడిగి పంపుతాం, వాళ్ళు నింపి తెస్తారు.

బామ్ని ఊరికి అవతల అడవి పల్లెలో ఉండే సోనుబాయి డబ్బా మే నెలలో వచ్చింది. పాతికేళ్ళుగా మాకు తేనె ఇస్తున్న గోండు మనిషి. ఒక్కనాడూ మాట పడలేదు. అలాంటిది ఆమె తేనెలో చక్కెర ఉండవలసినదానికంటే ఎక్కువ తేలింది. కల్తీ అని రుజువైతే మా కేంద్రంలో సరుకు అమ్ముకునే కార్డు పోతుంది, ఇక ఆ ఇంటి తేనె ఎవరూ కొనరు. అరుణశ్రీ నాకు కాగితం చూపించిందో లేదో, నేను తూకం దగ్గరికి వచ్చి ఇరవై మంది ముందు అరిచేశాను, సోనుబాయి బెల్లం కలిపి తెచ్చిందని. సోనుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అరుణశ్రీ బయటికి వచ్చింది. కోపం వస్తే ఆమె గొంతు ఇంకా తగ్గుతుంది.

"కాకా, ఎంతున్నదో పరీక్ష చెప్తది. ఎవరు కలిపిన్రో చెప్పదు. నువ్వెట్ల చెప్పినవ్?"

దాచిన సీసా సీలు విప్పి మళ్ళీ పరీక్షించింది. అదే అంకె. అప్పుడు పాత పుస్తకాలన్నీ తీసి కూర్చుంది. నిరుడు ఏ ఇంటి తేనెలోనూ అంత చక్కెర లేదు. ఈ ఏడు చాలా డబ్బాల్లో కొద్దికొద్దిగా పెరిగింది. ఊరూరి మనుషులు కూడబలుక్కుని కొద్దికొద్దిగా కల్తీ చేస్తారా అని నన్నే అడిగింది.

మర్నాడు పొద్దున్నే నా బండి మీద ఇద్దరం సోనుబాయి ఇంటికి వెళ్ళాం. ఆమె నా వైపు చూడలేదు. అరుణశ్రీ కింద కూర్చుని, తేనె గురించి కాక డబ్బా గురించి అడిగింది. మా దగ్గర నుంచి వచ్చినప్పుడు అందులో ఏమైనా ఉందా?

"ఉండె బిడ్డా. రెండు గుప్పిళ్ళంత బెల్లం. ఆఫీసోళ్ళు ఏసి పంపిన్రు, తీస్తె ఏమంటరోనని అట్లనే ఉంచి తేనె పోసిన."

అప్పుడు గుర్తొచ్చింది. సోనుబాయి డబ్బా ఏదని, చదువు రాని దేవక్క ఒకరోజు నన్ను అడిగింది. చూపించాను. ఎందుకని అడగలేదు.

అరుణశ్రీకి నేను చెప్పనక్కర లేకపోయింది. ఒకరింటి గిన్నె వాళ్ళకు వట్టిగా తిరిగి పంపకూడదని తల్లి పట్టింపు ఆమెకు తెలియనిది కాదు. తర్వాత అడిగితే దేవక్కే చెప్పింది, అందరి డబ్బాల్లోనూ నిమ్మకాయంత బెల్లం ముక్క వేసిందట. కొందరు పిల్లలకు పెట్టారు, కొందరు అలాగే వదిలేశారు. సోనుబాయికి మాత్రం ఎక్కువ వేసింది. హాస్టల్లో అరుణశ్రీ దగ్గుతో తీసుకుంటుంటే మూడేళ్ళు బస్సు డ్రైవర్ల చేతికి తేనె సీసా ఇచ్చి పంపిన మనిషి కదా.

దారిలో నేను మెల్లగా నచ్చజెప్పాను. ఎక్కడో పొరపాటు జరిగిందని రాసి వదిలెయ్, మీ అమ్మ పేరు ఎందుకు, ఆ పని కూడా పోతుంది అన్నాను. ఆమె సిరోంచ చేరేదాకా వెనక కూర్చుని ఏడుస్తూనే ఉంది. అద్దంలో కనబడుతోంది.

మూడో రోజు సోనుబాయిని పిలిపించి, అదే తూకం దగ్గర, అంతమంది ముందు నివేదిక నా చేత చదివించింది. నువ్వే అరిచావు, నువ్వే చదవాలి అంది. చదివాను. తేనెలో కల్తీ, ఆ తేనె తెచ్చినవారి దోషం కాదు. డబ్బాలో బెల్లం వేసింది కేంద్రంలో పనిచేసే దేవక్క, ఈ నివేదిక రాసినామె తల్లి. చివరిదాకా చదివి, సోనుబాయికి చేతులు జోడించాను.

దేవక్కను ఆ రోజే పనిలోంచి తీసేశారు. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మం దిగుతుంటే సోనుబాయి ఎదురుగా పోయి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నీ పేరెందుకు రాయాలె? వేరే బిడ్డయితే రాయకపోతుండె."

దేవక్క గదిలోకి చూసింది. అరుణశ్రీ గోడకు ఆనుకుని, తల్లి వైపు చూడలేక తల వంచుకుని నిలబడి ఉంది.

"నా బిడ్డ అక్కా," అంది దేవక్క. "అందుకే రాసింది."