ముందు ఊరు పేరు చెప్పండి

మా ఫైర్ మాస్టారు పోయారు. ఫోన్ చేసిన ఆయన కూతురు ముందు తానెక్కడి నుంచి మాట్లాడుతోందో చెప్పింది, తరువాత "నాన్నగారు తెల్లవారుజామున పోయారండీ" అంది, ఆ తరువాతే ఏడ్చింది. ఆ వరస మాస్టారు నేర్పిందే.

ఏలూరు లోకల్ కేబుల్లో ఆదివారం మధ్యాహ్నాలు పిల్లల కార్యక్రమం ఒకటి వచ్చేది. ఒక వారం ఫైర్ వాళ్లతో, ఇంకో వారం అంబులెన్సు వాళ్లతో పిల్లలకు శిక్షణ. మైకు పట్టుకుని నవ్వడం నా ఉద్యోగం. అసలు పనంతా ఫైర్ స్టేషన్లో రిటైరైన మాస్టారిది. చర్చి నుంచి ఇస్త్రీ చొక్కాతో నేరుగా షూటింగుకి వచ్చి, సాయంత్రానికి తడిసి ముద్దయి ఇంటికెళ్లేవారు.

మా కేబుల్ ఓనరుగారికి మంటలు కావాలి, దూకడాలు కావాలి. మాస్టారు మొదటి రోజు పిల్లల చేతికి ఫోను ఇచ్చి, తాను పక్క గదిలో స్టేషన్ ఆపరేటరై కూర్చున్నారు. మండవల్లి నుంచి వచ్చిన ఎనిమిదో తరగతి అమ్మాయి మొదలుపెట్టింది.

"నమస్కారమండీ. బాగున్నారాండీ?"

"బాగున్నానమ్మా."

"భోజనాలయ్యాయాండీ?"

"అయ్యాయి. పప్పుచారు."

"మా వంటింట్లో మంటలు లేచాయండీ."

"ఈపాటికి ఇల్లు కాలిపోయుంటుంది తల్లీ. మీరంతా భోజనానికి మా ఇంటికే వచ్చెయ్యండి."

మావైపు పిల్ల మరి, కొంప అంటుకున్నా కుశలప్రశ్నలు మానదు. "మర్యాదలు ఇంజిను వచ్చాక చేద్దువుగాని. ముందు ఊరు పేరు చెప్పు" అని నేర్పారు మాస్టారు.

ఎవరింటికెళ్లినా కాఫీ కంటే ముందు గ్యాసు రెగ్యులేటరు చూసేవారు. పెళ్లికెళితే అక్షింతలు వేయకముందే మండపానికి రెండో గుమ్మం ఎక్కడుందో కనుక్కునేవారు. మా ఆయన ఎంత వేళాకోళం చేసినా నవ్వేసి ఊరుకునేవారు.

చేపల చెరువు పాఠం దగ్గర మాత్రం ఓనరుగారితో తగవు పడ్డారు. పిల్లలు నీళ్లలోకి దూకి బొమ్మను కాపాడాలని ఆయన, దూకనివ్వనని ఈయన. "మునిగేవాడికి మీరక్కర్లేదర్రా. తేలేదేదైనా విసరండి" అని, మూత బిగించిన ఖాళీ క్యానుకి తాడు కట్టి విసరడం నేర్పారు. ఆ వారమంతా అదే. ఎవరు చూస్తారండీ ఇది అని ఓనరుగారు గొణిగారు. కొన్నాళ్లకు కార్యక్రమమే ఆగిపోయింది.

ఆ వర్షాకాలమే మండవల్లి అమ్మాయి తమ్ముడు గట్టు మీద జారి చెరువులో పడ్డాడు. ఆ పిల్లకు ఈత వచ్చు, అయినా దూకలేదు. "తమ్ముడు మునిగిపోతుంటే గుడ్లప్పగించి చూస్తుందేవిటే ఈ పిల్ల" అని అవతలి గట్టు నుంచి ఆడవాళ్లు తిట్టారట. ఆ పిల్ల చేపల మేతల షెడ్డులోంచి ఖాళీ క్యాను తెచ్చి, మూత బిగించి, తాడు కట్టి విసిరింది. అందలేదు. లాగి మళ్లీ విసిరింది. వాడు దాన్ని కావలించుకున్నాడు.

ఈ కబురు నాకు చెబుతూ మాస్టారు కళ్లు తుడుచుకున్నారు, నేనూ తుడుచుకున్నాను. ఆ కార్యక్రమంలో మైకు పట్టుకున్నందుకు నాకు ఈనాటికీ తృప్తే.

మొన్న ఆయన్ని సాగనంపడానికి ఆ అమ్మాయి వచ్చింది. ఇప్పుడు నర్సింగు చదువుతోంది. పక్కన మీసాలు మొలుస్తున్న తమ్ముడు. శవపెట్టె ఎత్తేటప్పుడు వాడు మాస్టారి అల్లుడి దగ్గరికెళ్లి, "నేనూ పట్టుకుంటానండీ" అన్నాడు. వయసుకు మించిన పొడగరి కావడంతో ఆ మూల పెట్టె కాస్త ఎత్తుగా వెళ్లింది. సమాధుల దాకా ఎవరు భుజం మార్చుకుంటామన్నా వాడు ఇవ్వలేదు.