పోవుడు జల్ది, వచ్చుడు ఆలస్యం

కొత్తగ నౌకరి దొరికిన దినాలల్ల మనిషికి తెల్వనిది ఏదీ లేదనిపిస్తది. నాకైతె మరీ ఎక్కువ. తరిగొప్పుల నుంచి జనగామకు బస్సుల పోవుడు తప్ప ఏమెరగని నేను, దుబాయిల ఏసీలు బాగుచేసే పని దొరకంగనే విమానాల మీద పెద్ద పండితున్నైన. టికెట్టు మీద, హైదరాబాదుల తొమ్మిదింటికి లేస్తది, దుబాయిల పదకొండున్నరకు దిగుతదని ఉండె. తీసివేత నాకు మంచిగనే వచ్చు. రెండున్నర గంటలని ఊరంత చాటిన. భూపాలపల్లిల ఉండే మా అక్క అది విని, "గంతేనా? మన ఊరి నుంచి మా ఇంటికి రానీకె గంతకన్న ఎక్కువైతది గదరా" అని నిమ్మలపడ్డది. (దుబాయిల గడియారం మనకన్న గంటన్నర వెనక నడుస్తదని నా తీసివేతకు తెల్వదు. విమానంల శానసేపు కూసున్నట్టు అనిపించె గని, మొదటిసారి గద, భయానికి పొద్దు పోతలేదనుకున్న.)

ఆడ మా రూముల తెలుగోడు ఒక్కడు లేడు, అందరు హిందీ మాట్లాడేటోళ్లే. 'జర' అంటె సమజైతది గని, 'గిదేందిరా' అంటె తిరిగి చూసేటోడు లేడు. సెలవు దినమొస్తె నాకు గుబులు. పని మాటలు గూడ ఉండయి గదా, గోడకున్న ఏసీతోని మాట్లాడేటోన్ని. అక్కకు ఫోన్ చేస్తె ఎప్పుడూ అప్పుడే నిద్రవట్టిన గొంతుతోని పలికేది. గప్పుడన్న గడియారం సంగతి నా బుర్రకు తట్టాలె, తట్టలే.

గంతల అక్క బిడ్డకు చెవులు కుట్టుడు పెట్టుకున్నరు. మేనమామ ఒళ్లె కూసోవెట్టి కుట్టాలె, మామ అన్నోన్ని నేనొక్కన్నే. ఆ పిల్లను ఎత్తుకోవాలని నాకు పాణమంత అక్కడనే. సేఠును బతిమాలి మూడు దినాల సెలవు తీసుకున్న. టికెట్ల దిగే యాళ్ల సూడనే లేదు, మనకు తెలిసిందే గదా. "రాత్రి పదింటికి ఎక్కుత, పన్నెండున్నరకు దిగుత, తెల్లారేసరికి నీ ఇంట్ల ఉంట" అని అక్కకు ఒట్టేసి చెప్పిన.

దిగి సూస్తె మూడున్నర. ఆడి సిమ్ము ఈడ పలకలే. బస్సులు మారుకుంట భూపాలపల్లి చేరేసరికి ముహూర్తం దాటి, బంగారం పనిచేసే అవుసలాయన చెవులు కుట్టి పోయిండు గూడ. వాకిట్ల కుర్చీల ఒకాయన కూసున్నడు, ఒళ్లె పిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రవోయింది. ఆయన ఒంటి మీద నేను అక్క ఇంట్ల ఇడిసిపోయిన నీలం అంగి. నాకన్న ఆయనకే మంచిగ కుదిరింది.

"బొగ్గుబాయిల మీ బావ దోస్తురా. మామ రాకున్నా మామ అంగన్న ఉండాలె గదా అని తొడిగిచ్చిన" అన్నది అక్క, నా మొకం సూడకుండ. ఆయన పరేషానై లేచి, అంగి ఇడిసి నా చేతుల పెట్టిండు. రొమ్ముకాడ ఇంక తడిగనే ఉంది. అందరు నవ్విన్రు, నేనూ నవ్విన. నవ్వుకుంట పెరట్లకు పోయి మొకం కడుక్కున్న.

మర్రోజు అక్క నా టికెట్టు అటుఇటు తిప్పి, "పోయేటప్పుడు రెండున్నర, వచ్చేటప్పుడు ఐదున్నరనా? పోవుడు జల్ది, వచ్చుడే ఆలస్యమా?" అని అడిగింది. రెండు దేశాల గడియారాలు వేరని నాకు గప్పుడు సమజైంది, టికెట్టు గుంజుకొని మడిచి జేబుల పెట్టుకున్న.

ఇప్పుడు జనగామల ఏసీల దుకాణం పెట్టుకుని ఒక్కన్నే ఉంటున్న. పెద్దదైన మేనకోడలు మొన్న ఫోన్ చేసి, "మామా, చెవులు కుట్టినప్పుడు నీ ఒళ్లె మస్తు ఏడ్చిన్నట గదా, అమ్మ చెప్పింది" అన్నది.

"అవును బిడ్డా, నా అంగంత తడిపినవు" అన్న.

అంగి సంగతైతె అబద్ధం కాదు.