పాతరలోకి దించిన దీపం

నా చిన్నప్పుడు ఖిలా వరంగల్ మొత్తంలో నా అంత గట్టిగా బేరమాడేవాళ్లు లేరని నా నమ్మకం. ఆ నమ్మకంతోనే ఒక మధ్యాహ్నం మా అన్నను జొన్నల పాతరలోకి దింపాను, అదీ ఒక్క బెల్లం ముక్కకు. మా వంశంలో అంత చవకగా ఎవరూ పని చేయించుకోలేదు.

మాది ధాన్యం దుకాణం. వెనక పెరట్లో ఇద్దరు మనుషుల లోతు గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన బండ మూసి మన్ను మెత్తేవాళ్లు. అదే పాతర. వానలకు ముందు సగం తోడి మూసిందే, మళ్లీ తెరవలేదు. నాన్న ధాన్యం గంజ్ మార్కెట్‌కు పోయిన వేళ ఒక ఆసామి వచ్చి, పాతర జొన్నలు చూపిస్తే సరే, లేకుంటే పక్క దుకాణానికి పోతానన్నాడు. చేతికొచ్చిన గిరాకీని వదులుకోవడం నా వల్ల కాని పని.

పాతర తెరిచిన ప్రతిసారీ మా మేనత్త ముందుగా తాడుకు కట్టిన దీపం లోపలికి దించేది. అది లక్ష్మీదేవికి మొక్కు అనుకునేదాన్ని. మొక్కు సాయంత్రం తీర్చుకోవచ్చు, ఇప్పటికి కిరసనాయిలు మిగుల్తుందని అన్నకు నచ్చజెప్పాను. ఆసామిని దుకాణంలో కూర్చోబెట్టి ఇద్దరం కలిసి బండ జరిపాం. పుల్లటి వేడి వాసన మొహాన కొట్టింది. అన్న నిచ్చెన వేసుకుని దిగసాగాడు. తల అంచు కిందికి పోయేదాకా దిగి ఆగాడు. తల తిరుగుతాందన్నాడు. ఆకలై ఉంటుంది, తొందరగా కానీయమన్నాను.

అప్పుడొచ్చింది అత్త. ఆమె మొహం పాలిపోవడం చూశాను. కానీ అరవలేదు. అరిస్తే వాడు బెదిరి చెయ్యి వదిలేస్తాడని ఆమె భయం. గల్లా దగ్గర గిరాకీతో మాట్లాడినట్టే నిమ్మళంగా అడిగింది.

"చెల్లె ఏమిస్తనన్నది కొడుకా?"

"బెల్లం ముక్క."

"నేను దిమ్మ మొత్తమిస్త. నా దిక్కు చూసుకుంట పైకి రా."

"మొత్తమా?"

"మొత్తం. జర మెల్లగ, ఒక్కొక్క మెట్టు."

వాడొక మెట్టెక్కి ఆగాడు. కళ్లు మూతలు పడుతున్నాయి. అత్త బెల్లం సంగతే మాట్లాడుతూ నేల మీద బోర్లా పడుకుని చేతులు చాచింది. ఇంకో మెట్టు ఎక్కాడో లేదో రెక్క పట్టి బయటకు లాగేసింది. వాడి ఊపిరి సరిగ్గా ఆడేదాకా ఛాతీ మీంచి చెయ్యి తీయలేదు.

ఆ తర్వాత దీపం వెలిగించి, నన్నే దించమంది. అంచు దాటి మూరెడు పోయిందో లేదో మంట చిన్నదై ఆరిపోయింది. పెరట్లో ఆకు కూడా కదలట్లేదు. మళ్లీ వెలిగించమంది. మళ్లీ అక్కడే ఆరింది. మూడోసారి చెప్పక ముందే దీపం కింద పెట్టి, అన్న పక్కకు పోయి కూర్చున్నాను.

"గింజ గూడ ఊపిరి తీస్తది బిడ్డా. తడి తగిల్తే బూజు లేస్తది, కంటికి కనవడని జీవాలు పుడ్తయ్. అన్ని కలిసి మంచిగాలి తాగి చెడుగాలి ఇడుస్తయ్. అది బరువు, అడుగునే ఉంటది. దీపం ఆరిన కాడ మనిషి దిగొద్దు."

జీవులన్నీ శ్వాసిస్తాయని బళ్లో గడగడా అప్పజెప్పినదాన్నే. జొన్నలు మాకు సరుకే గానీ, వాటికీ ప్రాణముంటుందని ఎన్నడూ తోచలేదు.

ఇప్పటికీ మూసిన గోదాము తెరిస్తే తలుపులు బార్లా తీయించి, చాలాసేపు ఎవర్నీ లోపలికి పోనివ్వను. పనివాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఇక ఆ రోజు లెక్క నిజాయితీగా తేల్చాలంటే, మా అన్న మనవలను ఎత్తుకుని తిరుగుతున్నాడు. అందులో నా వాటా ఏమీ లేదు. అంతా మా అత్త కష్టార్జితం.