ఊరు విడిచినవాడి ఇంటిపేరు

నిన్న మా బడికి కొత్త గోడపటం వచ్చింది. మద్రాసు నుంచి రాజమహేంద్రవరం దాకా రైల్లో వచ్చి, అక్కడ కాలవ పడవ ఎక్కి, నరసాపురంలో దిగి, చివరికి ఎడ్లబండి మీద మా వీధిలోకి చేరింది. చుట్ట విప్పగానే వార్నీషు వాసన గదంతా పరుచుకుంది. పిల్లలు తమకు తెలిసిన ఊళ్ల కోసం ఎగబడ్డారు. నేను మాత్రం కాసేపు వెనకే నిలబడిపోయాను. నాకు అది పటం వాసన కాదు, ఒక మనిషి వాసన. రాజమహేంద్రవరంలో పంతుళ్లను తయారుచేసే శిక్షణ బడిలో నాకు భూగోళం చెప్పిన పాలకొల్లు జగన్నాథం పంతులుగారు పటాన్ని ప్రతి ఉదయం తానే విప్పి, సాయంత్రం తానే చుట్టి, చంకలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయేవారు. బడిలో ఎలుకలున్నాయని ఆయన భయం. అందుచేత ఆయన ఉత్తరీయం ఎప్పుడూ వార్నీషు వాసనే కొట్టేది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఈ ఊళ్లో ఆయనను ఎరిగినవాణ్ణి నేనొక్కణ్ణే కనుక, చెప్పవలసినది నేనే చెప్పాలి.

ముందు నా సంగతి కొంచెం చెప్పకపోతే ఆయన సంగతి అర్థం కాదు. నేను జమ్మిపర్రు అనే ఊరికి దిగువన, కాలవ అవతల ఉన్న పేటలో పుట్టాను. ఊరు వేరు, మా పేట వేరు. ఊళ్లోకి వెళితే మా నాన్న చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలి. ఆయన ఊరి కామందుగారి దగ్గర పాలేరు. మావాళ్లు లూథరన్ సంఘంలో కలిశాక నాకు యోహాను అని పేరు పెట్టారు. మిషను బడిలో నాలుగక్షరాలు వచ్చాయి. వాటి పుణ్యమా అని శిక్షణ బడిలో చోటు దొరికింది. అక్కడ చదువు ముగిసే ముందు పరీక్షాధికారి ఎదుట పిల్లలకు ఒక పాఠం చెప్పి మెప్పించాలి. మెప్పిస్తే సర్టిఫికెట్, పంతులు ఉద్యోగం. లేకపోతే నాగలి. ఈ మాట నా భయం కొద్దీ అంటున్నది కాదు. నేను బయల్దేరే రోజున కామందుగారు మా నాన్నతో నవ్వుతూనే అన్నారు, "వెళ్లిరానీరా. తిరిగొస్తే అరక ఎక్కడికీ పోదు" అని.

పంతులుగారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరిమీదో కాస్త విసుగ్గా ఉన్నట్టు కనిపించేవారు. నిజానికి ఆ విసుగు మా మీద కాదు, దేశాల పేర్లను చిలకపలుకుల్లా వల్లె వేయించే పద్ధతి మీద. మొదటి రోజున పటం వేలాడదీసి, దానికి వీపు తిప్పి కూర్చుని, మా ఇంటిపేర్లు అడగడం మొదలుపెట్టారు. మాలో రాజమహేంద్రవరంవాడే అయిన సూరయ్య లేచి తన ఇంటిపేరు మొగల్తూరు అని చెప్పాడు.

"మొగల్తూరు ఎప్పుడైనా వెళ్లావా?"

"లేదండి. మా ముత్తాతగారు అక్కణ్ణుంచి వచ్చేశారంటండి."

"అక్కడ మొగల్తూరువారు అనే ఇల్లు ఒక్కటైనా ఉందేమో కనుక్కున్నావా?"

"లేదంటారండి."

"ఎందుకుంటుంది? ఆ ఊళ్లో అందరూ ఆ ఊరివాళ్లే. ఒకణ్ణి పట్టుకుని మొగల్తూరువాడు అంటే ఎవణ్ణన్నట్టు? వేరే ఊరు చేరాక, అక్కడివాళ్లు గుర్తుకోసం పెట్టిన పేరది. నా సంగతీ అంతే. క్షీరారామలింగేశ్వరుడి దర్శనానికని పాలకొల్లు వెళ్లి, సత్రంలో ఇంటిపేరు పాలకొల్లు అన్నాను. ఏ ఊరినుంచి వచ్చారండీ అని మళ్లీ అడిగాడు సత్రంవాడు."

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. పనుల పేర్లు, వస్తువుల పేర్లు ఇంటిపేర్లుగా ఉన్నవాళ్లను పక్కన కూర్చోబెట్టి, ఊరిపేర్లు ఉన్నవాళ్లందరిచేతా అదే కథ చెప్పించారు. చివరకు సూత్రం ఒకటి చెప్పారు: పేరు పుట్టేది బయల్దేరిన చోట కాదు, చేరిన చోట. ఊళ్లకైనా దేశాలకైనా ఇదే వరస అన్నారు. ఆ తరువాత నా వంతు వచ్చింది. "నీ ఇంటిపేరేంటి?" అన్నారు. మా పేటలో ఇంటిపేరుతో పని పడేది కాదు. ఫలానా కామందుగారి పాలేరు కొడుకు అంటే సరిపోయేది. "లేదండి" అన్నాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పంతులుగారు ఒక్క క్షణం నా వంక చూసి, నా పక్కవాడి దగ్గరికి వెళ్లిపోయారు. నాకు బాధ కలిగింది. నవ్వినందుకు కాదు, నవ్వులు అలవాటే. ఆ పాఠం నాకు ఎంతో నచ్చింది, తీరా చూస్తే అందులో నాకు చోటు లేదు.

తరువాతి రోజుల్లో ఆయన ఒక్కొక్క దేశాన్నే విప్పుకుంటూ వచ్చారు. సింధునదికి అవతల ఉన్న పారశీకులు ఇవతలి జనాన్ని ఆ నది పేరుతోనే పిలిచారు. వాళ్ల నోట గ్రీకులు విన్నారు, తిరిగి తిరిగి ఆ మాట ఇంగ్లీషువాళ్ల నోట ఇండియా అయింది. "గోదావరి నీళ్లు తాగి పెరిగినవాణ్ణి. నేను కంటితో చూడని నది పేరు నాకు పెట్టారు" అనేవారు. మన పాలకొల్లులోనూ నరసాపురంలోనూ కొట్లు పెట్టి బట్టల వ్యాపారం చేసిన వలందుల, అంటే డచ్చివాళ్ల, దేశంలో హాలండు అనేది ఒక ముక్క మాత్రమేనట. ఆ ముక్కవాళ్లు ఎక్కువగా ఓడలెక్కారు కనుక దేశమంతటికీ ఆ పేరే అంటగట్టారు. వాళ్లు పెట్టుకున్న అసలు పేరుకు పల్లపు నేల అని అర్థం. వరదకు పంట మునిగే మాకు అది వెంటనే బోధపడింది. జపానును పొద్దు పొడిచే దేశం అన్నారంటే, అది పడమటనున్న చీనావాడు చూసి అన్న మాటేనట. తన ఇంటి మీదే పొద్దు పొడుస్తోందని ఎవడూ అనుకోడు కదా అనేవారు. దూరపు కొండలు నునుపు అన్నట్టు, దూరంనుంచి పెట్టిన పేరు మరీ నున్నగా ఉంటుందని ఆయన ఎగతాళి.

సూరయ్య మేనమామ రంగూనులో ఉండేవాడు. అక్కడ తెలుగువాణ్ణి చూస్తే కోరంగీ అంటారని, అది తిట్టులాగే అంటారని సూరయ్య ఒకసారి కోపంగా చెప్పాడు. "కోరంగి రేవులో ఓడ ఎక్కారు కనుక అన్నారు. అనడంలో తప్పు లేదు, అనే గొంతులో ఉంది" అన్నారు పంతులుగారు. నేను ఆ మాట విని మా పేటకు ఊరివాళ్లు పెట్టిన పేరు తలుచుకున్నాను.

ఇంగ్లాండు పాఠం మాత్రం నాకు అక్షరం అక్షరం గుర్తుంది. ఆంగ్లులు అనే జనం సముద్రం దాటి పడవల మీద వచ్చారు, వాళ్ల పేరే ఆ దేశానికి వచ్చింది అని చెబుతున్నారు. "వాళ్లు దిగేనాటికి అక్కడ మనుషులు లేరనుకోకండి. ఉన్నారు. ఉన్నవాళ్లను పడమటి కొండల్లోకి నెట్టారు. నెట్టి ఊరుకోలేదు, పేరు కూడా పెట్టారు. ఆ కొండల దేశాన్నే ఇప్పుడు వేల్సు అంటున్నాం. ఆ మాటకు అర్థం ఏంటనుకున్నారు? పరాయివాళ్లు అని." ఇక్కడ ఆయన ఆగిపోయారు. సుద్దముక్క పక్కన పెట్టి నా వైపు తిరిగారు.

"యోహానూ, లే. మీవాళ్లు జమ్మిపర్రుకి ఎక్కణ్ణుంచి వచ్చారు?"

"రాలేదండి. మా ముసలాళ్లు కూడా ఎప్పుడూ అక్కడే ఉన్నామంటారండి."

"మరి కామందులు?"

"వాళ్ల ఇంటిపేరు వేరే ఊరిదండి. కృష్ణ అవతల నుంచి వచ్చారంటారు."

పంతులుగారు తలాడించి, పటం కింద ఉన్న బల్ల మీద కూర్చున్నారు. "ఆవేళ నీకు ఇంటిపేరు లేదంటే లోటనుకుని నిన్ను దాటిపోయాను. మనవాళ్లు ఇంటిపేరు లేనివాణ్ణి దిక్కులేనివాడిలా చూస్తారు. నేనూ ఆ కళ్లతోనే చూశాను. నేను చెప్పిన సూత్రాన్ని నేనే చివరిదాకా చదవలేదు. ఊరు విడిచినవాడికి ఊరిపేరు వస్తే, ఆ పేరు రానివాడు ఊరు విడవనివాడే కదా. ఇది నా పొరపాటు. ఇక కూర్చో." ఆ తరువాత స్కాట్లండు చెప్పారు. ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం స్కాట్లండు గురించి ఒక్క ముక్క తలకెక్కలేదు.

దీన్నిబట్టి ఆయనను దేవుణ్ణి చేయవద్దు. సందేహాలు అడగడానికి నేను వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా వీధిలో నిలబడేవాణ్ణి, ఆయన అరుగు మీద కూర్చునేవారు. ఎండన పడి వచ్చానని అమ్మగారు మజ్జిగ తెచ్చేవారు, దోసిలి పట్టమని పైనుంచి పోసేవారు. పటం మీద సముద్రాలన్నీ దాటినాయన ఆ అరుగు దగ్గర ఆగిపోయారు. నేను దాటమని అడగలేదు, ఆయన పిలవలేదు. అందరి ఎదుటా పొరపాటు అని ఒప్పుకున్న నోరూ, ఆ అరుగూ రెండూ ఆయనవే. ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను కానీ ఒకదాన్ని మరొకదానితో కొట్టివేయడం నాకు చేతకాలేదు.

పరీక్షలో చెప్పవలసిన పాఠంగా నా వంతుకు దేశాల పేర్ల పాఠమే వచ్చింది. పాఠం చెప్పేవాడు తన ఇంటిపేరుతో మొదలుపెట్టడం పంతులుగారి శిష్యులందరికీ ఆనవాయితీ. పాఠం వినే పిల్లలు ఊళ్లో పెద్దింటి బిడ్డలు. నా సంగతి తెలిసి వాళ్లు లేచిపోతే పాఠం అక్కడితో సరి, సర్టిఫికెట్ కూడా సరి. పంతులుగారిని అడిగాను.

"హాలండుతో మొదలెట్టమంటారా అండి?"

"నీ ఇష్టం. వలందుల కథ బాగానే ఉంటుంది. కాకపోతే ఈ పాఠంలో ఇంటిపేరు లేకపోవడం ఏంటో తెలిసినవాడివి నువ్వొక్కడివే. నాకు కూడా నువ్వు చెబితేనే తెలిసింది" అన్నారు. అంతకుమించి ధైర్యం చెప్పలేదు.

నేను హాలండుతోనే మొదలుపెట్టాను. దాచుకోవడమెందుకు, భయపడ్డాను. పాఠం సగంలో ఉండగా, మూల కుర్చీలో కూర్చున్న పరీక్షాధికారి గొంతు సవరించుకున్నారు. ఆయన తెలుగాయనే, ముభావి. "జగన్నాథం పంతులుగారి పద్ధతి ఇంటిపేరుతో మొదలవుతుందని విన్నానే. నీదేంటి?" అన్నారు. తలుపు దగ్గర నిలబడ్డ పంతులుగారు నా వంక చూడకుండా వీధిలోకి చూస్తున్నారు. నేను అధికారికి కాక పిల్లలకు చెప్పాను. మాది జమ్మిపర్రు కింది పేట అని, మా నాన్న పాలేరు అని, ఊరు వదిలి వెళ్లినవాళ్లకే ఊరిపేరు వస్తుందని, మావాళ్లు ఎప్పుడూ వదలలేదు కనుక మాకు రాలేదని చెప్పాను. ముందు వరసలో ఒక పిల్లవాడు చెయ్యెత్తాడు.

"అయితే ఆ ఊరు మొదట మీదేనా అండి?"

అవునంటే ఏమవుతుందో, కాదంటే ఏమవుతుందో రెండూ నాకు తెలుసు. "ఎవరిదో నాకు తెలీదు బాబూ. మేము వదల్లేదని మాత్రం తెలుసు" అన్నాను. అధికారి ఇక పాఠం కానీయమన్నారు. పిల్లలెవరూ లేచిపోలేదు. చివర్లో ఆయన, పాఠం బాగుందని, నల్లబల్ల మీద రాత కోడి కెలికినట్టుందని రాసి సంతకం చేశారు. నేను నాగలి దగ్గరికి వెళ్లనక్కర్లేదని తెలిసింది.

ఆ సాయంత్రం అరుగు ముందు నిలబడి ఈ కబురు చెప్పాను. ఉద్యోగం మొగల్తూరు దగ్గర ఒక పల్లెలో అని విని పంతులుగారు మొదటిసారి నవ్వారు. "ఊరు దాటుతున్నావన్నమాట. అయితే నీకూ ఇంటిపేరు వస్తుంది. నువ్వు పెట్టుకోకు, అక్కడివాళ్లనే పెట్టనీ" అన్నారు.

ఆయన అన్నట్టే అయింది. ఈ పల్లెకు వచ్చిన కొత్తలో నన్ను జమ్మిపర్రు నుంచి వచ్చిన పంతులు అన్నారు, కొన్నాళ్లకు జమ్మిపర్రు పంతులు అన్నారు, నా కొడుకు బడిలో చేరేనాటికి అది ఇంటిపేరై కూర్చుంది. వాడు నరసాపురం హైస్కూలుకు వెళ్లిన మొదటి రోజున హాజరు పిలుస్తూ "జమ్మిపర్రు దావీదు" అన్నారట. కామందుగారి మనవడూ అదే తరగతిలో ఉన్నాడు. ఆ ఊళ్లో భూములన్నీ వాళ్లవే, ఆ కుర్రవాడి ఇంటిపేరు మాత్రం ఇప్పటికీ కృష్ణ అవతలి ఊరిదే. తన ఊరిపేరు వినబడేసరికి వాడు వెనక్కి తిరిగి చూశాడని దావీదు ఇంటికొచ్చి చెప్పాడు. విని గర్వపడ్డాను, ఆ మాట దాచను.

ఆ గర్వం ఎక్కువసేపు నిలవలేదు. మా నాన్న బతికినంతకాలం జమ్మిపర్రును మన ఊరు అనలేదు, అయ్యగారి ఊరు అనేవాడు. ఆయన పోయాక తమ్ముళ్లు కోరంగిలో ఓడెక్కి రంగూను పోయారు. పేటలో మా పాక ఉన్నచోట ఇప్పుడు ఎవరిదో వరికుప్ప ఉంటుందట. పంతులుగారి సూత్రం తప్పిపోవడం నేను ఇంతవరకు చూడలేదు. ఎన్ని తరాలో పేరు లేకుండా ఆ నేలనే అంటిపెట్టుకుని ఉన్నాం. ఈనాడు నా పిల్లలు ఆ ఊరిపేరు మోస్తున్నారంటే, ఆ ఊళ్లో మావాళ్లు ఒక్కరూ మిగల్లేదన్నమాటే.