నేను కొట్టేసిన రక్తపరీక్ష

పాడేరు జిల్లా కేంద్రమైన మరుసటి ఏడాది వర్షాకాలంలో నేను కొండల దిగువన మైదాన ప్రాంతంలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగాధిపతిని. నా సర్వీసులో అదే ఆఖరి పోస్టింగు. అరకు వైపు నుంచి సింహాచలం అనే కాఫీతోట కాపలాదారును తీసుకొచ్చారు. మైదానంలో పుట్టి, ఇరవై ఏళ్ల కిందట భార్య రాములమ్మతో కొండెక్కినవాడు. స్వరపేటికలో క్యాన్సర్. పేటిక మొత్తం తీసేయాల్సిన దశ.

ఈ ఆపరేషన్లో గొంతు గోడను తిరిగి కుట్టి, మానేదాకా ముక్కు గొట్టంతో ఆహారం ఇస్తాం. కుట్లు విడిపోయి లాలాజలం మెడ మీదికి కారితే దాన్ని ఫిస్టులా అంటాం. మాకు అసలు భయం దానితోనే. గాయం మానితేనే రేడియేషన్. అది ఆపరేషనైన ఆరు వారాల్లో మొదలవ్వాలి, ఆలస్యమైతే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది.

మా పీజీ డాక్టరమ్మ ముందస్తు పరీక్షల్లో విటమిన్ డి కూడా రాసింది. అది తక్కువున్నవాళ్లలో ఇలాంటి చిక్కులు ఎక్కువని చదివిందట. "కొండల్లో తిరిగే మనిషికి ఎండ కరువా అమ్మా?" అని ఎర్ర సిరాతో కొట్టేశాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆపరేషనైన ఎనిమిదో రోజు కట్టు తడిసింది. లాలాజలమే. సింహాచలానికి మాట లేదు, రాయడం రాదు. అతను ఎండలో ఎంతసేపుంటాడని డాక్టరమ్మ రాములమ్మను అడిగింది.

"ఎండేటమ్మా? పది గంటల దాకా మంచే. ఆనక సెట్ల నీడ. ఎండ తగిల్తే కాఫీ మొక్క మాడిపోద్దనే గదా ఆ పెద్ద సెట్లు ఏసినారు! మా ఇంటాయన సలికి దుప్పటే తియ్యడు."

ఆ తోటల్లో పదిసార్లు తిరిగొచ్చినవాణ్ణి. నెత్తిమీది చెట్లు నాకు గుర్తే రాలేదు. సిగ్గేసింది.

పరీక్ష పంపితే చాలా తక్కువ వచ్చింది. అందువల్లే కుట్లు విడిపోయాయని చెప్పను. చుట్ట అలవాటుంది, మనిషి బక్కచిక్కి ఉన్నాడు. కానీ ముందే తెలిస్తే సరిదిద్దుకునే లోపమది, తెలియనివ్వంది నేను. మందు మొదలుపెట్టి, రోజూ కట్టు మార్చాం. రంధ్రం పూడింది. రేడియేషన్ మాత్రం రెండు వారాలు ఆలస్యమైంది.

రిటైరయ్యేలోపు కేస్ షీటులో 'వృత్తి' పక్కన 'ఎండలో ఎంతసేపు' అనే గడి చేర్పించాను. ఊరి పేరు చూసి ఒంట్లో ఏముందో తేల్చకూడదని నేర్చుకున్నాను. ఆ పాఠానికి పోయిన రెండు వారాలు సింహాచలానివి.